8,000 మీటర్ల లోతున మెత్తని చేప: మరియానా స్నెయిల్‌ఫిష్ ఎలా బతుకుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

లోతు సముద్రపు చేప అనగానే బయటికి పొడుచుకొచ్చిన కోరలు, నుదుటి మీద వెలిగే దీపం, నల్లటి ఒళ్లు కళ్ల ముందు మెదులుతాయి. అలాంటి చేపల్లో చాలావరకు 4,000 మీటర్ల కన్నా తక్కువ లోతులోనే ఉంటాయి. దానికి రెట్టింపు లోతున, ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 800 కిలోలకు పైగా బరువు పడే చోట తిరిగే చేప చూడ్డానికి వాటికి ఏ మాత్రం పోలిక లేనిది. జానెడుకు కాస్త అటూ ఇటూగా పొడవు, లేత గులాబీ రంగు, పొలుసుల్లేని పలచని చర్మం, ఆ చర్మంలోంచి బయటికే కనిపించే కాలేయం, వేలితో నొక్కితే అణిగిపోయే ఒళ్లు. దీని పేరు మరియానా స్నెయిల్‌ఫిష్. శాస్త్రీయ నామం సూడోలిపారిస్ స్వైరీ. ఇంత మెత్తని ప్రాణి అంత ఒత్తిడి కింద నలిగిపోదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. నలగదు. నలగకపోవడం దానికి పెద్ద కష్టమే కాదు. దాని అసలు కష్టాలు కణాల లోపల ఉన్నాయి. ఎంత లోతు దాకా పోగలదో తేల్చేవి కూడా అవే.

స్నెయిల్‌ఫిష్‌లది లిపారిడే కుటుంబం. ఇందులో 400కు పైగా జాతులున్నాయి. ఆటుపోట్ల నీటిగుంటల్లో రాళ్లకు అతుక్కుని బతికేవి మొదలుకొని చేపలు ఉండగలిగిన అత్యంత లోతు దాకా ఇవే పరుచుకుని ఉన్నాయి. ఒకే కుటుంబం ఇంత నిలువు పరిధిని ఆక్రమించడం చేపల్లో చాలా అరుదు. మరియానా జాతిని 2017లో మెకెంజీ గెరింజర్, థామస్ లిన్లీ, అలన్ జేమీసన్, ఎరికా గోట్జ్, జెఫ్రీ డ్రేజెన్ కొత్త జాతిగా వర్ణించారు. 2014లో ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ వారి ఫాల్కర్ నౌక మీద సాగిన యాత్రలోను, ఆ తరువాత 2017 యాత్రలోను 6,898 నుంచి 7,966 మీటర్ల మధ్య పట్టిన 37 చేపలు ఆ వర్ణనకు ఆధారం. చాలెంజర్ నౌక 1872–76 యాత్రలో నావిక అధికారిగా పనిచేసిన హెర్బర్ట్ స్వైర్ పేరు జాతికి పెట్టారు. ఆ నౌక 1875 మార్చిలో మరియానా ట్రెంచ్‌లోకి తాడు దించి కొలిచిన లోతు 4,475 ఫాదమ్‌లు, అంటే సుమారు 8,184 మీటర్లు. ఈ చేప దిగగలిగిన హద్దు కూడా దాదాపు అంతే. యాదృచ్ఛికమే అయినా, పేరు ఇంతకన్నా చక్కగా కుదరదు.

ఈ చేప ఉండే చోటు

పసిఫిక్ ఫలకం మరియానా ఫలకం కిందికి జారిపోతున్న చోట ఏర్పడిన చంద్రవంక ఆకారపు లోయ మరియానా ట్రెంచ్. గువామ్ దీవికి తూర్పు, దక్షిణ దిశల్లో దాదాపు 2,500 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. దాని అట్టడుగు, చాలెంజర్ డీప్, 10,900 మీటర్లు దాటుతుంది. 6,000 మీటర్లకు దిగువన ఉన్న ప్రాంతాన్ని హేడల్ మండలం అంటారు. చిమ్మచీకటి, 1 నుంచి 2.5 డిగ్రీల సెల్సియస్ మధ్య చలి. ఇక్కడొక విశేషం ఉంది: దిగేకొద్దీ చల్లబడుతూనే పోతుందనుకుంటాం గానీ, 4,500 మీటర్ల ప్రాంతం దాటాక నీరు ఒత్తిడికి నొక్కుకుపోయి కొద్ది కొద్దిగా వేడెక్కుతుంది. ట్రెంచ్ అడుగు దాని గట్టు కన్నా ఒక డిగ్రీ దాకా వెచ్చన. చూడ్డానికి చిన్న తేడా. హద్దు దగ్గర బతికే ప్రాణికి మాత్రం లెక్కలోకి వచ్చేదే.

స్నెయిల్‌ఫిష్ ఈ లోయ అంతటా తిరగదు. లోయ గోడల మీద సుమారు 6,900 నుంచి 8,000 మీటర్ల దాకా ఉన్న పట్టీలోనే ప్రధానంగా కనిపిస్తుంది. ఆ పట్టీకి పైన, 6,000–7,000 మీటర్ల దగ్గర, ఎలుకతోక చేపలు, కస్క్ ఈల్‌లు ఉంటాయి. ఆ పట్టీకి దిగువన ఇంకో 2,500 మీటర్లకు పైగా లోతున్నా అక్కడ చేపలన్న మాటే లేదు. రొయ్యలను పోలిన యాంఫిపాడ్లు, సముద్ర దోసకాయలు, పురుగులు మాత్రం అట్టడుగు దాకా ఉన్నాయి.

పసిఫిక్‌లోని చాలా ట్రెంచ్‌లు ఇదే పద్ధతిలో ఉంటాయి. న్యూజిలాండ్ ఉత్తరాన కెర్మాడెక్ ట్రెంచ్‌లో నోటోలిపారిస్ కెర్మాడెసెన్సిస్, జపాన్, కురిల్–కమ్చాట్కా ట్రెంచ్‌లలో సూడోలిపారిస్ ఆంబ్లిస్టోమోప్సిస్, దక్షిణ అమెరికా పడమటి తీరం వెంట అటకామా ట్రెంచ్‌లో నీలిరంగు పారాలిపారిస్ సెల్టీ, ఇలా ఎక్కడికక్కడ ఒక స్నెయిల్‌ఫిష్ ఆ లోయకు పెద్ద వేటగాడిగా కుదురుకుంది. ఒక ట్రెంచ్ నుంచి ఇంకో ట్రెంచ్‌కు వెళ్లాలంటే మధ్యలో 4,000–6,000 మీటర్ల లోతున్న మైదానాలు దాటాలి. లోతుకు అలవాటుపడిన చేపకు ఆ తక్కువ లోతే అడ్డుగోడ.

ఒత్తిడి చేసే అసలు నష్టం

సముద్రంలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 8,000 మీటర్ల దగ్గర 800 వాతావరణాలకు పైనే. గాలితో నిండిన పలచని డొల్ల వస్తువేదైనా అక్కడ అప్పడమైపోతుంది, ఎందుకంటే వాయువు నొక్కుకుపోతుంది. నీరు అలా నొక్కుకుపోదు, ఆ లోతులో కూడా తగ్గేది మూడు నాలుగు శాతమే. స్నెయిల్‌ఫిష్‌లకు గాలితిత్తి లేదు. కుటుంబంలో దేనికీ లేదు. ఒంట్లో ఎక్కడా వాయువు లేనప్పుడు లోపలి ఒత్తిడీ బయటి ఒత్తిడీ సమానంగా ఉంటాయి, కాబట్టి ఒళ్లు నలగదు. మెత్తని చేప అక్కడ హాయిగా ఈదుతుండటం వెనుక రహస్యమేమీ లేదు.

చిక్కు అణువుల దగ్గర వస్తుంది. ప్రోటీన్ సరైన ఆకారంలోకి ముడుచుకునేటప్పుడు, ఎంజైమ్ తన పదార్థాన్ని పట్టుకుని వదిలేటప్పుడు, వాటి చుట్టూ ఉన్న నీటి అణువుల అమరిక మారుతుంది. ఈ మార్పుల్లో చాలావాటికి కాస్త అదనపు చోటు కావాలి, అంటే ఘనపరిమాణం రవ్వంత పెరగాలి. ఒత్తిడి ఆ పెరుగుదలకే అడ్డం పడుతుంది. నీటి అణువులను ప్రోటీన్ లోపలి సందుల్లోకి తోసి ఆకారాన్నే చెడగొడుతుంది. కండరాలు కదలడానికి కావలసిన ఆక్టిన్ తంతువులు కట్టుకోకపోవడం, శక్తిని ఇచ్చే ఎంజైమ్‌లు మందగించడం లాంటివన్నీ దీని ఫలితాలే. కణత్వచాల సంగతి వేరు. వాటిలోని కొవ్వు అణువులు ఒత్తిడికి దగ్గరకు చేరి బిగుసుకుంటాయి. 1,000 వాతావరణాల ఒత్తిడి కణత్వచం మీద చూపే ప్రభావం ఉష్ణోగ్రత 13 నుంచి 21 డిగ్రీలు తగ్గినప్పటి ప్రభావంతో సమానం. అప్పటికే గడ్డకట్టేంత చల్లని నీటిలో ఉన్న చేపకు ఇది రెండో దెబ్బ. అసంతృప్త కొవ్వులు ఎక్కువగా ఉన్న కణత్వచం ఆ బిగువును తట్టుకుంటుంది. లోతు చేపల్లో చాలావరకు ఆ దారే పట్టాయి.

ప్రోటీన్లను కాపాడే బాధ్యత ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే చిన్న అణువుది. పొట్టిగా టీఎంఏఓ. చచ్చిన సముద్రపు చేప దగ్గర వచ్చే నీచు వాసన ఈ పదార్థం విరిగిపోవడం వల్ల పుట్టేదే. టీఎంఏఓ నీటి అణువులతో గట్టిగా కట్టుకుని ఉంటుంది, ప్రోటీన్‌ను విప్పే దిశగా నీటిని పోనివ్వదు. ఉపరితలానికి దగ్గరి చేపల కండరంలో ఇది కిలోకు సుమారు 40 మిల్లీమోల్స్ ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ దాదాపు సరళరేఖలో పెరుగుతూ పోతుంది. 2014లో పాల్ యాన్సీ బృందం కెర్మాడెక్ ట్రెంచ్‌లో 7,000 మీటర్ల దగ్గర పట్టిన స్నెయిల్‌ఫిష్‌లలో కొలిచిన విలువ 386. మరియానా స్నెయిల్‌ఫిష్ జన్యుపటాన్ని 2019లో చైనా పరిశోధకులు ప్రకటించారు. టీఎంఏఓను తయారుచేసే ఎఫ్ఎంఓ3 జన్యువుకు అందులో ఐదు ప్రతులు కనిపించాయి.

8,200 మీటర్ల గీత

ఈ కథంతటిలోకీ శ్రద్ధగా చూడవలసిన భాగం ఇది. రక్షణ కోసం పోగుచేసుకున్న పదార్థమే చివరికి దారి మూసేస్తుంది.

సముద్రపు నీటి ద్రవాభిసరణ గాఢత, అంటే నీటిని తన వైపు లాగే కరిగిన పదార్థాల మొత్తం, కిలోకు సుమారు 1,100 మిల్లీఆస్మోల్స్. మామూలు ఎముక చేప ఒంట్లో అది 350 దగ్గర. బయట గాఢత ఎక్కువ కాబట్టి ఒంట్లోని నీరు నిరంతరం బయటికి పోతుంటుంది. చేప సముద్రపు నీరు తాగి, అందులోని ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోసి, ఆ లోటు పూడ్చుకుంటుంది. దీనికి శక్తి ఖర్చు. లోతుకు పోయేకొద్దీ టీఎంఏఓ చేరి లోపలి గాఢత పెరుగుతుంది. కెర్మాడెక్ స్నెయిల్‌ఫిష్‌లో అది 991కి చేరింది. ఈ దశలో చేపకు మేలే జరుగుతోంది, ఎందుకంటే నీరు కోల్పోయే బాధ తగ్గింది. అదే గీతను ఇంకా కిందికి పొడిగిస్తే సుమారు 8,200 మీటర్ల దగ్గర లోపలి గాఢత, బయటి గాఢత సమానమవుతాయి.

అక్కడి నుంచి ఇంకా దిగాలంటే ఇంకా టీఎంఏఓ కావాలి. అప్పుడు లోపలి గాఢత సముద్రాన్ని మించిపోతుంది, నీరు లోపలికి రావడం మొదలుపెడుతుంది. మంచినీటి చేపలు ఇదే పరిస్థితిలో బతుకుతాయి. అవి పలచని మూత్రాన్ని ధారాళంగా వదిలి, ఉప్పును మొప్పల ద్వారా లోపలికి లాక్కుంటాయి. హేడల్ చేప పరిస్థితి అంతకన్నా ఇరకాటం. దాని ఒంట్లో పెరిగింది టీఎంఏఓ మాత్రమే, సోడియం, క్లోరైడ్ ఇప్పటికీ సముద్రంలో కన్నా తక్కువే. అంటే నీరూ లోపలికే వస్తుంది, ఉప్పూ లోపలికే వస్తుంది. రెండింటినీ ఒకేసారి బయటికి పంపే ఏర్పాటు ఎముక చేపల మూత్రపిండాలకు, మొప్పలకు లేదు.

మరి యాంఫిపాడ్లు 10,900 మీటర్ల దాకా ఎలా దిగాయి? వాటి ఒంటి గాఢత మొదటి నుంచీ సముద్రంతో సమానం. తక్కువ లోతు నీళ్లలో ఆ గాఢతను గ్లైసిన్, టారిన్ లాంటి పదార్థాలతో నింపుకుంటాయి, లోతులో వాటిని తగ్గించి ఆ స్థానంలో ఒత్తిడిని తట్టుకునే పదార్థాలు పెంచుకుంటాయి. మొత్తం మారదు, దినుసులు మాత్రం మారతాయి. ఎముక చేపకు అలాంటి వెసులుబాటు లేదు. పలచని రక్తంతో మొదలైంది కాబట్టి పైన పోగేసుకుంటూ పోవాల్సిందే.

ఈ లెక్కను కెమెరాలు చాలావరకు బలపరిచాయి. 2017లో జపాన్ సంస్థ జామ్‌స్టెక్ మరియానా ట్రెంచ్‌లో 8,178 మీటర్ల దగ్గర స్నెయిల్‌ఫిష్‌ను చిత్రీకరించింది. 2022 సెప్టెంబరులో జపాన్‌కు దక్షిణాన ఇజు–ఒగసవారా ట్రెంచ్‌లో ఇదే ప్రజాతికి చెందిన పిల్ల చేప 8,336 మీటర్ల దగ్గర కెమెరా ముందుకొచ్చింది. అదే యాత్రలో జపాన్ ట్రెంచ్‌లో 8,022 మీటర్ల నుంచి రెండు సూడోలిపారిస్ బెల్యేవీ చేపలను పట్టారు. 8,336 అన్నది అంచనాను 136 మీటర్లు దాటిన మాట నిజమే. ఇజు–ఒగసవారా అడుగునీరు మరియానా కన్నా కాస్త వెచ్చన కావడం దీనికి కారణమని యాత్రకు నాయకత్వం వహించిన శాస్త్రవేత్తల వివరణ. అక్కడ వెచ్చదనం ఒత్తిడి ప్రభావాన్ని కొంత తగ్గిస్తుంది.

అయితే ఈ సిద్ధాంతాన్ని తిరుగులేనిదిగా చెప్పడం తొందరపాటే. 6,000 మీటర్ల దిగువన టీఎంఏఓ మునుపటి వరసలోనే పెరగడం లేదని 2025లో వెలువడిన ఒక విస్తృత జన్యు అధ్యయనం చూపింది. 3,000 మీటర్లకు దిగువన బతికే వేర్వేరు వంశాల చేపల్లో ఆర్‌టీఎఫ్1 అనే జన్యువులో ఒకే రకమైన మార్పు స్వతంత్రంగా వచ్చిందని కూడా అదే అధ్యయనం గుర్తించింది. అంటే ఒత్తిడికి జవాబు ఒక్క అణువులో లేదు. అయినా చేపలు 8,400 మీటర్ల లోపే ఎందుకు ఆగిపోతున్నాయన్న దానికి ద్రవాభిసరణ లెక్కకు సాటి వచ్చే వివరణ ఇప్పటికి లేదు. అట్టడుగున చేపను చూశామన్న పాత కబుర్లను తూచడానికి కూడా ఈ లెక్కే పనికొస్తుంది. 1960లో ట్రియెస్ట్ అనే లోతు సముద్ర వాహనంలో చాలెంజర్ డీప్‌కు దిగిన జాక్ పికార్డ్ అక్కడ బల్లపరుపు చేపను చూశానన్నాడు. ఆయన చూసింది సముద్ర దోసకాయ లాంటి ప్రాణి అయి ఉంటుందని జీవశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ తరువాత ఆ లోతుకు దిగిన ఏ కెమెరాకూ చేప చిక్కలేదు.

బోలు పుర్రె, జెల్లీ ఒళ్లు

సీటీ స్కాన్‌లో ఈ చేప అస్థిపంజరం చూస్తే ఎముకలు సన్నగా, సున్నం తక్కువగా, పుర్రె పలకలు పూర్తిగా కలుసుకోకుండా కనిపిస్తాయి. చాలాచోట్ల ఎముక ఉండాల్సిన చోట మృదులాస్థే ఉంది. ఎముక గట్టిపడటాన్ని నియంత్రించే బీజీఎల్‌ఏపీ జన్యువులో మధ్యలోనే ఆగిపోయే లోపం ఉందని 2019 జన్యుపటం చూపింది. పైనున్న చేపకు ఇది జబ్బు. ఇక్కడ లాభం. గాలితిత్తి లేని చేప నీటిలో తేలాలంటే బరువైన భాగాలు తగ్గించుకోవాలి, ఒంట్లో అన్నిటికన్నా బరువైనది ఎముకే.

చర్మానికీ కండరానికీ మధ్య పారదర్శకమైన జెల్లీ పొర ఉంటుంది. దానిలో నూటికి సుమారు 96 వంతులు నీరే. తిండి కరువైన చోట ఒళ్లు పెంచుకోవడానికి ఇంతకన్నా చవకైన పదార్థం లేదు, కండరానికి ప్రోటీన్ కావాలి, జెల్లీకి నీరు చాలు. దాని పని తేల్చడం మీదే ముగియదు. స్నెయిల్‌ఫిష్ తల ఉబ్బెత్తుగా ఉండి ఒళ్లు ఒక్కసారిగా సన్నని తోకలోకి దిగిపోతుంది. అలాంటి ఆకారం వెనుక నీరు సుళ్లు తిరిగి వెనక్కి లాగుతుంది. జెల్లీ ఆ మలుపును నింపి ఒంటిని నున్నగా సాగదీస్తుంది. గెరింజర్ బృందం 2017లో రోబో స్నెయిల్‌ఫిష్ చేసి, తోక చుట్టూ జెల్లీ పొరను పెట్టి, తీసి ఈదించి చూసింది. పొర ఉన్నప్పుడు రోబో బాగా ఈదింది. నెమ్మదిగా సాగే ఎలుకతోక చేపలతో పోలిస్తే ట్రెంచ్ చిత్రాల్లో స్నెయిల్‌ఫిష్ చురుగ్గానే కనిపిస్తుంది.

కళ్లు చిన్నవి. వెలుతురును పసిగట్టే జన్యువుల్లో చాలావాటిని ఈ జాతి పోగొట్టుకుంది, అడుగుకు దించే కెమెరా చట్రాల (ల్యాండర్ల) దీపాల కింద కూడా బెదరకుండా తిరుగుతుంది. చర్మానికి రంగునిచ్చే జన్యువులదీ అదే గతి. చూపు స్థానాన్ని రెండు అవయవాలు భర్తీ చేస్తాయి. తల మీద వరసగా ఉన్న రంధ్రాలు పార్శ్వరేఖ వ్యవస్థకు చెందినవి, దగ్గరలో ఏది కదిలినా నీటి అలజడిని పట్టేస్తాయి. ఉరోవాజాల (రొమ్ము దగ్గరి రెక్కల) కింది ముళ్లు పొరలోంచి విడివడి వేళ్లలా సాగి ఉంటాయి, స్నెయిల్‌ఫిష్ కుటుంబంలో వీటి మీద రుచిమొగ్గలు ఉంటాయి. అడుగు బురదకు దగ్గరగా ఈదుతూ, ఆ వేళ్లతో తాకుతూ, రుచి చూస్తూ తిండి వెతుక్కుంటుంది.

తిండి: దిగేకొద్దీ పెరిగే సంపద

సముద్రపు పైపొరలో తయారయ్యే సేంద్రియ పదార్థంలో లోతు మైదానాలకు చేరేది నూటికి ఒకటి రెండు వంతులే. ఆ లెక్కన ఇంకా లోతున్న ట్రెంచ్ ఎడారిలా ఉండాలి. ఉండదు. ట్రెంచ్ గోడలు గరాటులా పనిచేస్తాయి. వాటి మీద పడిన బురద, కళేబరాల తునకలు జారుతూ అడుగుకు చేరతాయి. భూకంపాలు వచ్చినప్పుడు గోడలే విరిగి ఒక్కసారిగా కింద పడతాయి. ఒక ఫలకం ఇంకోదాని కిందికి జారే ఈ ప్రాంతంలో, ఫలకాలు రాసుకునే చోట, భూకంపాలకు కొదవ లేదు. అందుకే యాంఫిపాడ్ల సంఖ్య దిగేకొద్దీ పెరుగుతుంది. మరియానాలో వీటిలో ముఖ్యమైనది హిరోండెల్లియా గిగాస్.

కడుపులు కోసి చూసిన పరిశోధకులకు దొరికిన ఆహారంలో నూటికి 95 వంతులకు పైగా యాంఫిపాడ్లే. అప్పుడప్పుడు రొయ్యలు. పట్టే తీరు సులువైనది: నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో పాటు లోపలికి పీల్చేస్తుంది. గొంతులో ఉన్న రెండో జత దవడలు ఆ పెంకు ప్రాణులను నలిపి లోపలికి తోస్తాయి. ఎర వేసిన కెమెరా ముందుకు ఈ చేప వచ్చేది ఎర కోసం అనుకుంటే పొరపాటు. మాకరెల్ ముక్కకు యాంఫిపాడ్లు మూగుతాయి, ఆ యాంఫిపాడ్ల కోసం స్నెయిల్‌ఫిష్ వస్తుంది.

7,000 మీటర్ల కన్నా పైన బతికే చేపలు ఈ విందుకు దిగలేవు. అక్కడికి రాగల వేట చేప ఇంకొకటి లేదు. దీన్ని పట్టి తినేదీ లేదు. ఇలా పీల్చి తినే చేపకు ఇంతకన్నా అనువైన చోటు లేదు, అందుకే పట్టీ ఇరుకైనా అందులో చేపల సంఖ్య ఆశ్చర్యం కలిగించేంత ఎక్కువ. 2008లో జపాన్ ట్రెంచ్‌లో 7,703 మీటర్ల దగ్గర ఒకే ఎర చుట్టూ 17 స్నెయిల్‌ఫిష్‌లు గుమిగూడిన దృశ్యం చిత్రీకరించారు.

గుడ్లు, పిల్లలు, వయసు

ఆడచేప కడుపులో రెండు పరిమాణాల గుడ్లు పక్కపక్కనే కనిపిస్తాయి, ఎన్నో చిన్నవి, కొన్ని మాత్రమే పెద్దవి. పెద్ద గుడ్డు వ్యాసం 9 మిల్లీమీటర్లు దాటుతుంది. జానెడు చేపకు అది చాలా పెద్ద గుడ్డు. వేలకొద్దీ చిన్న గుడ్లు వదిలి అదృష్టానికి విడిచిపెట్టే పద్ధతికి బదులు, కొద్దిపాటి పిల్లలకు బోలెడు పచ్చసొన కట్టి పంపే పద్ధతిని ఇది ఎంచుకుంది.

వయసు చెప్పేది చెవిరాళ్లు. లోపలి చెవిలో సున్నపు పొరలుగా పెరిగే ఈ చిన్న రాళ్లను పలచగా కోస్తే చెట్టు మొద్దులోలాగా వలయాలు కనిపిస్తాయి. ఏడాదికి ఒక వలయం చొప్పున లెక్కిస్తే హేడల్ స్నెయిల్‌ఫిష్‌ల వయసు 5 నుంచి 16 ఏళ్ల మధ్య తేలింది. లోతు మైదానాల ఎలుకతోక చేపలు ఇంతకు ఎన్నో ఏళ్లు ఎక్కువ బతుకుతాయి. భూకంపాలకు తరచు గోడలు కూలే చోట త్వరగా ఎదిగి త్వరగా పిల్లలను కనడం తెలివైన పద్ధతే. చెవిరాయి నడిబొడ్డు నుంచి అంచు దాకా ఆక్సిజన్ ఐసోటోపులు (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువులు) కొలిస్తే ఇంకో సంగతి బయటపడింది: పసితనంలో ఈ చేపలు ఐదు డిగ్రీలకు పైగా వెచ్చని నీటిలో గడిపినట్టు ఆ రాళ్ల రసాయనం సూచిస్తోంది. ట్రెంచ్‌లో అంత వెచ్చని నీరు ఎక్కడా లేదు. అంటే డింభకాలు 1,000 మీటర్ల లోపు దాకా పైకి తేలి, తరువాత మళ్లీ కిందికి దిగుతుండవచ్చు. ఇది నిజమైతే ఒత్తిడిలో 700 వాతావరణాల తేడాను ఒకే జీవి ఒక జీవితకాలంలో దాటుతోందన్నమాట.

పైకి తెచ్చేటప్పుడు చెడేవి

ఈ చేప గురించి తెలిసినదంతా ల్యాండర్ల పుణ్యమే. ఉక్కు లేదా అల్యూమినియం చట్రం, దానికి కెమెరా, బ్యాటరీ, ఎర, బోను, తేలడానికి గట్టి గాజు గోళాలు లేదా ప్రత్యేకమైన నురగ దిమ్మెలు, ముంచడానికి ఇనుప బరువులు. నౌక మీద నుంచి తాడు లేకుండా వదిలేస్తారు. 8,000 మీటర్లు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. పని ముగిశాక నౌక నుంచి శబ్ద సంకేతం పంపితే బరువులు ఊడిపోయి చట్రం పైకి తేలుతుంది. సంకేతం అందకపోతే ల్యాండర్ పోయినట్టే, అందుకే ఉప్పునీటిలో నెమ్మదిగా తినేసే లోహపు కొక్కేన్నో, గడియారంతో పనిచేసే విడుదలనో రెండో రక్షణగా పెడతారు. కెమెరా ముందు అద్దం మందమైన సఫైర్. కలుపు గొట్టంలో చిన్న గాలి బుడగ మిగిలినా అది అక్కడే పగులుతుంది.

వలలు ఇక్కడ దాదాపు పనికిరావు. 8,000 మీటర్లకు వల దించాలంటే అంతకన్నా ఎంతో పొడవైన తీగ కావాలి, గోడల రాళ్లకు చిక్కుకుంటుంది, చిక్కుకోకుండా పైకి వచ్చినా జెల్లీ చేపను చిదిమేస్తుంది. ఇంకో దోషం, తెరిచి ఉన్న వల దారిపొడవునా ఏ లోతులో దేన్ని పట్టిందో చెప్పలేం. 1970లో ప్యూర్టోరికో ట్రెంచ్‌లో 8,370 మీటర్ల నుంచి వచ్చిందన్న అబిస్సోబ్రోటులా గలతియే చేప రికార్డును ఈ కారణంతోనే అనుమానిస్తారు.

బోనులో ఎరను జాలి సంచిలో కట్టాలి. బయట వదిలేస్తే యాంఫిపాడ్లు గంటల్లో ఎముకలు మిగిల్చి వెళ్లిపోతాయి, అవి వెళితే చేపా రాదు. బోనులో చనిపోయిన చేపను కూడా అవి వదలవు, కాబట్టి బోనును అవసరానికి మించి అడుగున ఉంచకూడదు. పైకి వచ్చే దారిలో చేపకు ప్రధాన ముప్పు వేడి. గాలితిత్తి లేదు కాబట్టి ఒళ్లు పేలదు. కానీ 2 డిగ్రీల నీటి నుంచి 28 డిగ్రీల ఉపరితల నీటిలోకి వచ్చే చివరి కొన్ని వందల మీటర్లలో కణత్వచాలు, ప్రోటీన్లు దెబ్బతింటాయి, జెల్లీ కారిపోవడం మొదలవుతుంది.

డెక్ మీద పనుల వరస తప్పకూడదు. ముందుగా మంచుతో చల్లబరచిన సముద్రపు నీటిలోకి. వెంటనే ఫొటో, పొడవు కొలత, ఎందుకంటే జెల్లీ అణిగాక ఆకారం మారిపోతుంది, రసాయనాల్లో వేశాక ఒళ్లు కుంచించుకుపోతుంది. తరువాత జన్యు పరీక్షకు కండరం ముక్క తీసి ఆల్కహాల్‌లోకి లేదా గడ్డకట్టించే డబ్బాలోకి. ఫార్మలిన్‌లో వేశాక తీస్తే డీఎన్‌ఏ అప్పటికే పాడై ఉంటుంది. చెవిరాళ్లను కూడా అప్పుడే తీయాలి, ఫార్మలిన్ ఆమ్లగుణం పెరిగితే సున్నపు రాయి కరిగిపోయి వయసు ఆధారం పోతుంది. ఇవన్నీ అయ్యాకే ఆమ్లత తగ్గించిన ఫార్మలిన్, ఆ తరువాత నిల్వకు ఆల్కహాల్. ఏ ఒక్కటి ముందు వెనుకలైనా ఆ చేప నుంచి రావలసిన సమాచారంలో ఒక ముక్క శాశ్వతంగా పోతుంది.

పైనుంచి దిగే విషం

తిండిని పోగేసే గరాటే కాలుష్యాన్నీ పోగేస్తోంది. 2017లో ప్రచురితమైన జేమీసన్ బృందపు అధ్యయనంలో మరియానా యాంఫిపాడ్లలో పీసీబీలనే పారిశ్రామిక విష రసాయనాలు కనిపించాయి. చైనాలో కాలుష్యానికి పేరుపడ్డ లియావో నది నీరు పారే వరిపొలాల పీతల్లో ఉన్న దానికి అవి 50 రెట్ల దాకా ఎక్కువ. 2019లో అదే బృందం పసిఫిక్ చుట్టూ ఆరు ట్రెంచ్‌లలో యాంఫిపాడ్ల పేగులు పరిశీలిస్తే 72 శాతం ప్రాణుల్లో కృత్రిమ పోగులు, రేణువులు దొరికాయి. మరియానాలో పరీక్షించిన ప్రతి ప్రాణిలోనూ ఉన్నాయి. 2020లో మరియానా, కెర్మాడెక్ ట్రెంచ్‌ల స్నెయిల్‌ఫిష్‌లు, యాంఫిపాడ్లలో పాదరసం ఐసోటోపులను పరీక్షించిన అధ్యయనం, ఆ పాదరసం సముద్రపు పై పొరల్లో బతికి చనిపోయిన జీవుల కళేబరాలతోనే కిందికి వచ్చిందని తేల్చింది. పీసీబీలు కొవ్వులో నిల్వ ఉండే పదార్థాలు. దాదాపు యాంఫిపాడ్లే తిని పదేళ్లకు పైగా బతికే చేపకు వాటిని వదిలించుకునే దారి తక్కువ.

అమెరికా ప్రభుత్వం 2009 జనవరిలో మరియానాస్ ట్రెంచ్ మెరైన్ నేషనల్ మాన్యుమెంట్ అనే రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. ట్రెంచ్ విభాగంలో ఆ రక్షణ సముద్రపు నేలకే వర్తిస్తుంది, దాని మీద ఉన్న ఎనిమిది కిలోమీటర్ల నీటికి వర్తించదు. స్నెయిల్‌ఫిష్ తినే యాంఫిపాడ్లకు తిండి వచ్చేది ఆ నీటిలోంచే.